పాట మనది, తాళంచెవి ఇంకొకరిది



ఒక ప్రశ్నతో మొదలుపెడ్తా. మీ ఫోన్‌లో, మీ లాప్‌టాప్‌లో మీ తండావి, మీ గూడేనివి ఎన్ని వీడియోలు ఉన్నయి? అందులో ఎన్ని నిజంగా మీవి? "ఇదేం ప్రశ్న, అన్నీ మావే" అంటరు. పోయిన హోలీ దాకా నేను కూడా అట్లనే అనుకున్న.

మాది పెన్‌పహాడ్ మండలంలో ఒక చిన్న తండా. 2021లో డిగ్రీ చదువుతున్నప్పుడు, కరోనాకు కాలేజీలు మూతపడి ఇంటికాడ ఉన్న రోజుల్లో, నలుగురం దోస్తులం కలిసి మా దాదీ పాటలు రికార్డు చేయడం మొదలుపెట్టినం. హోలీకి పాడే లేంగి పాటలు, పెండ్లిపిల్లను సాగనంపేటప్పుడు ఏడుస్తూ పాడే ఢావ్లో. దాదీకి చదువు రాదు. కానీ ఒక్కో పాటకు వెనకాల ఉన్న కథ మొత్తం చెప్పేది. మేం వాడని మాటలు, మా అమ్మలకు కూడా తెల్వని మాటలు ఆ పాటల్లో ఉంటయి. "దీనికి అర్థమేంది దాదీ" అని అడిగితే నవ్వి, రెండు మూడు తీర్ల చెప్పేది. ఆ అర్థాలన్నీ తెలుగులో టైప్ చేసి పాట కింద వచ్చేటట్టు పెట్టినం. సూర్యాపేటలో సెకండ్‌హాండ్‌ల కొన్న లాప్‌టాప్, తలా కొంత వేసుకుని డబ్బు కట్టి కొన్న ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్. అదీ మా స్టూడియో.

2023లో దాదీ చనిపోయింది.

పోయిన హోలీకి తండాలో మంట కాడ తెర కట్టి దాదీ లేంగి పాటలు చూపియ్యాలె అనుకున్నం. అంతకు వారం ముందు సాఫ్ట్‌వేర్ తెరిస్తే "కొత్త వెర్షన్ వచ్చింది, అప్‌గ్రేడ్ చేయండి" అని వచ్చింది. చేసినం. ఎవరైనా చేస్తరు. కొత్త వెర్షన్ తెరుచుకున్నది. చూడటానికి బాగానే ఉన్నది. మా దగ్గర మూడు ప్రాజెక్టులు ఉండె. లేంగి పాటలది తెరుచుకున్నది, దాదీ తెర మీద పాడుతున్నది. కానీ ఎక్స్‌పోర్ట్ నొక్కితే తాళం బొమ్మ. ఇంతకుముందు మేం వాడిన ఫార్మాట్లు లేవు, పెద్ద సైజు లేదు. నెలనెలా డబ్బు కడితే వస్తయట. ఉచితంగా అయితే చిన్న సైజులో, దాదీ ముఖం మీద కంపెనీ ముద్రతో వస్తదట. మేం ముందే డబ్బు కట్టి కొన్నం కదా అంటే, అది పాత వెర్షన్‌కు అట.

రెండో ప్రాజెక్టు, ఢావ్లోది, అసలు తెరుచుకోలేదు. "ఈ ఫైలును ఈ వెర్షన్ గుర్తించదు" అన్నది. మూడోది మా తండా పెద్దమనుషుల మాటలు. పాత తండా ఎక్కడ ఉండె, బావి ఎవరు తవ్విన్రు, చనిపోయినోళ్లను ఎక్కడ పెట్టిన్రు, ఏ చెట్టు దాకా ఎవరి దున్నకం, అన్నీ చెప్పిన వీడియో. దాని అసలు రికార్డింగు ఒక దోస్తు మెమరీ కార్డులో ఉండిపోయింది కాబట్టి బతికింది.

మిగతా రెంటి అసలు రికార్డింగులు ఏమైనయి అని మీరు అడుగుతరు. ఫోన్ నిండిపోతే డిలీట్ చేసినం. సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించినం కదా, ఇంకేం భయం అనుకున్నం. తప్పు మాది కూడా. అది దాచుకోను. ఆ తప్పు మీరు చేయొద్దనే ఇదంతా రాస్తున్న.

ఆఖరికి ఏమైంది? సూర్యాపేటలో పెండ్లి వీడియోలు తీసే ఒక అన్న లాప్‌టాప్ అంతా వెతికి, ఆ సాఫ్ట్‌వేర్ తన కోసం దాచుకున్న ఫోల్డర్ ఒకటి పట్టిండు. అందులో మా క్లిప్పులు వింత వింత నంబర్ల పేర్లతో ఉన్నయి. పాటలు దక్కినయి. లేంగి పాటల కింద రాసిన అర్థాలను తెర మీద ఆపుకుంట, ఆపుకుంట, రెండు రాత్రులు నోటుబుక్కులో రాసుకున్నం. ఢావ్లో ప్రాజెక్టు తెరుచుకోలేదు కాబట్టి దాని అర్థాలు పోయినయి. ఇప్పుడు దాదీ గొంతు ఉన్నది, ఆమె ఏం పాడుతున్నదో కొన్ని చోట్ల మాకు తెల్వదు. అడుగుదామంటే మనిషి లేదు.

దీన్ని "సాఫ్ట్‌వేర్ ప్రాబ్లం" అని వదిలేయొద్దని నా మాట. మనసొంటోళ్లకు ఇది హక్కుల విషయం. ఎందుకో చెప్తా.

మొదటిది, మన భాష సంగతి. గోర్ బోలికి సొంత లిపి లేదు. తెలుగులో రాస్తం, దేవనాగరిలో రాస్తరు. 2011 జనాభా లెక్కల్లో లంబాడిని హిందీ కింద కలిపేసి చూపించిన్రు. కాగితం మీద మన భాష అట్ల ఉన్నది. పుస్తకం ఉన్న భాషకు వీడియో ఒకటి పోతే ఒక వీడియో పోయినట్టు. మనకు లైబ్రరీ అంటే ముసలోళ్లు. వాళ్లు పోయినంక మిగిలేది ఆ రికార్డింగే. లిపి ఉన్న గోండి వాళ్లకు, కోయ వాళ్లకు కూడా పాటలు, కథలు, డోలు దెబ్బ కాగితం మీద రావు కదా.

రెండోది, భూమి సంగతి. 2006 అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన నియమాల్లో 13వ నియమం చూడండి. సాక్ష్యంగా ఏమేం తీసుకోవచ్చో అందులో ఉన్నది. బావులు, శ్మశానాలు, పవిత్ర స్థలాలు, వంశవృక్షం, దరఖాస్తుదారు కాని పెద్దలు చెప్పి రాయించిన వాంగ్మూలం. అంటే పెద్దమనిషి మాటకు చట్టంలో విలువ ఉన్నది. ఆ మాట రాసుకునేటప్పుడు వీడియో కూడా తీసిపెట్టుకుంటే, రేపు "ఎవరన్నరు?" అంటే చూపియ్యొచ్చు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో సవరణ వచ్చింది. అందులో 15ఏ సెక్షన్ ఈ చట్టం కింద నడిచే విచారణ ప్రక్రియంతా వీడియో తీయాలన్నది. వీడియో మనకు రక్షణ అని చట్టమే ఒప్పుకున్నది.

అయితే కోర్టులో ఎట్లాంటి వీడియో నిలబడ్తది? 2020లో అర్జున్ పండిత్‌రావ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది: రికార్డు చేసిన అసలు ఫోన్‌నో, కంప్యూటర్‌నో దాని యజమాని వచ్చి చూపెడితే సరే, కాపీ ఇస్తే మాత్రం సర్టిఫికెట్ తప్పనిసరి. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో 63వ సెక్షన్ సర్టిఫికెట్‌లో ఆ ఫైలు హాష్ విలువ కూడా రాయమంటది. హాష్ అంటే ఫైలుకు వేలిముద్ర లాంటిది. ఒక్క చుక్క మారినా వేలిముద్ర మారిపోతది. ఎడిటింగ్ యాప్‌లో పెట్టి, ముద్ర వేసి, సైజు తగ్గించి, వాట్సాప్‌లో పంపి, మళ్లీ దించుకున్న వీడియో మీ అసలు వీడియో కాదు. అసలును మనం డిలీట్ చేసి, ఎక్స్‌పోర్ట్‌ను కంపెనీ తాళం వేస్తే, మన చేతిలో మిగిలేది ఏంది?

ఇది మా ఒక్క తండాకే వచ్చిన కష్టం కాదు. ఇరవై ఏండ్ల కింద నుంచి నడుస్తున్న కథ. 2005లో ఆపిల్ కంపెనీ క్విక్‌టైమ్ 7 తెచ్చింది. అంతకుముందు వెర్షన్‌కు 30 డాలర్ల దాకా పెట్టి ప్రో తాళంచెవి కొన్నోళ్లు ఉండె. ఎక్స్‌పోర్ట్ చేయాలంటే ఆ ప్రో కావాలె. కొత్తది వేసుకున్నంక పాత తాళంచెవి పనిచేయలే. మళ్లీ కొనాల్సి వచ్చింది. 2011 జూన్‌లో అదే కంపెనీ ఫైనల్ కట్ ప్రో ఎక్స్ తెచ్చింది. సినిమాలు, టీవీ షోలు కట్ చేసే పెద్ద పెద్ద ఎడిటర్లు వాడే సాఫ్ట్‌వేర్ అది. కొత్తదాంట్లో పాత ప్రాజెక్టులు తెరుచుకోలే. వేరే సాఫ్ట్‌వేర్‌కు పని పంపే ఎక్స్‌ఎంఎల్ ఎక్స్‌పోర్ట్ లేదు. ఎడిటర్లు మొత్తుకున్నరు, పిటిషన్ పెట్టిన్రు. సెప్టెంబర్‌లో ఎక్స్‌ఎంఎల్ తిరిగొచ్చింది. నాలుగు కెమెరాల దృశ్యాలు కలిపి కట్ చేసే సౌకర్యం 2012 జనవరిలో వచ్చింది. ఇది గుర్తు పెట్టుకోండి: గట్టిగా అడిగితే వచ్చింది.

మన దిక్కు ఇంటర్నెట్ సెంటర్లల్ల, ఊరి ఫొటో స్టూడియోలల్ల ఎంతమంది విండోస్ మూవీ మేకర్‌తో నేర్చుకున్నరో మీకు తెలుసు. 2017 జనవరి 10న మైక్రోసాఫ్ట్ దాన్ని డౌన్‌లోడ్‌కు ఇయ్యడం ఆపేసింది. 2020 జూన్ 29న కేంద్ర ప్రభుత్వం 59 యాప్‌లను నిషేధించింది. టిక్‌టాక్, వీడియోలు కట్ చేసుకునే వివావీడియో అందులో ఉన్నయి. నిషేధం మంచిదా చెడ్డదా అనేది వేరే చర్చ. కానీ తీజ్ పండుగ డాన్సులు, గుస్సాడీ, కొమ్ము నృత్యం అందులోనే పెట్టి, ఫోన్‌లో కాపీ దాచుకోని పిల్లలు ఒక్క రాత్రితో ఖాళీ చేతులతో నిలబడ్డరు. తాళం వేసేది కంపెనీ కావచ్చు, సర్కారు కావచ్చు. లోపల ఉన్నది మనదైతే నష్టం మనదే.

కంపెనీల వైపు నుంచి కూడా చూద్దాం, లేకుంటే మన మాటకు బలం ఉండదు. ఫీచర్లు తీసేసేది ప్రతిసారీ దురాశతోనే కాదు. వీడియోను చిన్నగా చేసి దాచే పద్ధతుల మీద, శబ్దం ఫార్మాట్ల మీద పేటెంట్లు ఉంటయి. వాడుకున్నందుకు లైసెన్స్ ఫీజు కట్టాలె. 2012లో విండోస్ 8 వచ్చినప్పుడు మామూలు వెర్షన్‌లో డీవీడీ ఆడించే సౌకర్యం తీసేసిన్రు, ఆ ఫీజు ఖర్చు ఒక కారణం. 2018లో డాల్బీ కంపెనీ లైసెన్స్ లెక్కల మీద అడోబీ మీద కేసు వేసింది. 2019 మే నెలలో అడోబీ తన చందాదారులకు కొన్ని పాత వెర్షన్లు ఇక వాడే హక్కు మీకు లేదని చెప్పింది. రెండు పెద్ద కంపెనీల మధ్య లెక్క అది. కానీ దాని దెబ్బ వాడుకునేటోడికి తగిలింది.

అప్‌డేట్‌లు వద్దని కూడా నేను చెప్పను. ఫోన్‌లో దొంగలు చొరబడకుండా కాపాడేది అప్‌డేటే. ఇంకో సంగతి: ఆదిలాబాద్ దిక్కు గుంజాల ఊరిలో దొరికిన గోండి లిపి 2018లో యూనికోడ్‌లో చేరింది. ఫోన్‌లల్ల, కంప్యూటర్లల్ల ఆ అక్షరాలు కనబడాలంటే అప్‌డేట్‌తోనే కనబడ్తయి. అప్‌డేట్ మన లిపిని తేగలదు, మన పాటను తాళం వేయగలదు. మంచిదా చెడ్డదా అన్నది కాదు లెక్క. ఏం తీసేస్తున్నరో ముందే చెప్పాలె, వద్దంటే వెనక్కి పోయే దారి ఉండాలె, మన సరుకు మనం తీసుకుపోయే తలుపు తెరిచి ఉండాలె. మనం అడిగేది ఈ మూడే.

మన తాతలకు ఇది తెల్వని కథ కాదు. తరాలుగా దున్నిన భూమి, కాగితం మాత్రం ఇంకొకరి పేరు మీద. పట్టా లేదు కాబట్టి ఎప్పుడు పొమ్మంటే అప్పుడు పోవాలె. వీడియో మనం తీసినం, గొంతు మన దాదీది, కూలి మనది. బయటికి తీసుకుపోయే హక్కు మాత్రం వేరేవాళ్లది. కౌలుదారు బతుకు కంప్యూటర్‌లో కూడా ఎందుకు?

చట్టం ఏమంటది? యూరప్‌లో 2018 మే నుంచి అమల్లో ఉన్న డేటా రక్షణ చట్టం 20వ అధికరణంలో, నీ డేటాను వాడుకోగలిగే రూపంలో తీసుకుని వేరే చోటికి పోయే హక్కు ఉన్నది. మన దేశంలో 2019 బిల్లులో అట్లాంటి హక్కు రాసిన్రు. 2023లో చట్టం అయ్యేటప్పటికి అది లేదు. ఆ హక్కు తిరిగి పెట్టాలని మన విద్యార్థి సంఘాలు, గిరిజన సంఘాలు అడగాలె. భూమి, రిజర్వేషన్ మీద మెమొరాండం ఇచ్చేటప్పుడు ఇది కూడా ఒక లైను రాయండి. నవ్వుతరు. నవ్వనీయండి.

ఇప్పుడున్న చట్టంలో కూడా కొంత దారి ఉన్నది. 2023 నవంబర్‌లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ వినియోగదారులను మోసగించే 13 రకాల డిజైన్ ఎత్తుగడలను గుర్తించి మార్గదర్శకాలు తెచ్చింది. నీకు అవసరం లేని చందా కట్టేటట్టు బలవంతపెట్టడం, ఒకటి చూపించి ఇంకోటి అంటగట్టడం అందులో ఉన్నయి. డబ్బు కట్టి కొన్న సౌకర్యం పోతే బిల్లు, స్క్రీన్‌షాట్లు దాచిపెట్టి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. ప్రతి కేసు గెలుస్తదని చెప్పను. ఫిర్యాదే లేకపోతే మాత్రం సమస్యే లేదనుకుంటరు.

సర్కారు పని సర్కారు చేసేదాకా మనం కూసుండొద్దు. మేం దెబ్బ తిని నేర్చుకున్నవి చెప్తా. కోదాడ, మిర్యాలగూడ దిక్కు తండాల తమ్ముళ్లు కూడా అడుగుతున్నరు కాబట్టి వివరంగా రాస్తున్న.

ఒకటి. ప్రాజెక్టు ఫైలు వీడియో కాదు. "ఇక్కడ కట్ చెయ్, ఇక్కడ అక్షరాలు పెట్టు" అని రాసుకున్న చీటీ అది. చీటీ దాచి ధాన్యం పారబోసినట్టు మేం చేసినం. కెమెరా నుంచి వచ్చిన అసలు ఫైలు ఎప్పుడూ డిలీట్ చేయొద్దు. పేరు మార్చి, తేదీ, ఊరు, మనిషి పేరు రాసి పెట్టండి. ఆ మనిషి ఒప్పుకుంటేనే.

రెండు. మూడు కాపీలు. ఒకటి లాప్‌టాప్‌లో, ఒకటి హార్డ్‌డిస్క్‌లో, ఒకటి వేరే ఊర్లో ఇంకొకరి ఇంట్లో. అన్నీ ఒకే ఇంట్లో ఉంటే వానకు కప్పు కారినా, దొంగ పడ్డా అన్నీ పోతయి.

మూడు. పని అయిపోయిన రోజే ఎక్స్‌పోర్ట్ చేయండి. అందరికీ తెరుచుకునే ఎంపీ4లో, పెద్ద సైజులో. "ఇంకా కొంచెం సరిచేసినంక చేద్దాం" అని మేం రెండేండ్లు ఆగినం.

నాలుగు. అర్థాలు, అనువాదాలు వీడియో లోపల మాత్రమే పెట్టొద్దు. ఎస్‌ఆర్‌టీ అనే మామూలు అక్షరాల ఫైలుగా వేరే దాచండి. నోట్‌ప్యాడ్‌లో కూడా తెరుచుకుంటది. కాగితం మీద ప్రింట్ తీసి ఒక కాపీ ఊరి బడిలో ఇవ్వండి. మేం ఇది చేసి ఉంటే దాదీ ఢావ్లో అర్థం ఇయ్యాల మా దగ్గర ఉండేది.

ఐదు. అప్‌గ్రేడ్ నొక్కేముందు ఏం మారుతున్నదో చదవండి. పాత వెర్షన్ ఇన్‌స్టాల్ ఫైలు దాచిపెట్టండి. నడుస్తున్న పని పూర్తి కాకముందు వెర్షన్ మార్చొద్దు.

ఆరు. కేడెన్‌లైవ్, షాట్‌కట్, ఓపెన్‌షాట్ లాంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్లు ఉన్నయి. డబ్బు కట్టే పని లేదు, ముద్ర ఉండదు, పాత వెర్షన్లు కూడా దొరుకుతయి. వీటిలో మొదట్లో చెయ్యి తిరగదు, నిజమే. మాకు నెల పట్టింది. ఫార్మాట్ మార్చాలంటే వీఎల్‌సీతోనే అయితది. తెలుగోళ్లల్ల హైదరాబాద్‌లో "స్వేచ్ఛ" సంస్థ వాళ్లు ఏండ్ల నుంచి ఈ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీద పని చేస్తున్నరు. నేర్చుకోవాలనుకుంటే దారి ఉన్నది.

ఏడు. వాట్సాప్‌లో సాక్ష్యం వీడియో పంపాల్సి వస్తే మామూలు వీడియోగా కాదు, డాక్యుమెంట్‌గా పంపండి. అప్పుడు సైజు తగ్గించదు. తీసిన ఫోన్‌ను మాత్రం అమ్ముకోవద్దు, రీసెట్ చేయొద్దు.

ఇక సర్కారుకు ఒక మాట. హైదరాబాద్‌లో గిరిజన సంస్కృతి పరిశోధన, శిక్షణ సంస్థ ఉన్నది. తండాల్లో, గూడేల్లో పిల్లలు తీసిన రికార్డింగులను తీసుకుని, భద్రంగా దాచి, అడిగినప్పుడు తిరిగి ఇచ్చే పద్ధతి ఒకటి పెట్టాలె. పాడిన మనిషి పేరు ఉండాలె, హక్కు ఆ ఊరిదే అని రాసి ఇయ్యాలె. 2018లో మన తండాలు పంచాయతీలైనయి. పంచాయతీ ఆఫీసులో ఒక కంప్యూటర్, ఒక హార్డ్‌డిస్క్ మన ఊరి జ్ఞాపకాల కోసం పెట్టడం పెద్ద ఖర్చేం కాదు.

హోలీ రాత్రి ఏమైందో చెప్పలేదు కదా. సూర్యాపేట అన్న పుణ్యాన తీసిన క్లిప్పులనే, ఎట్లున్నవి అట్ల, తెర మీద వేసినం. అక్షరాలు లేవు, కటింగ్ లేదు. మధ్యలో మేక అరుస్తది, ఎవరో పిల్లగాడు కెమెరాకు అడ్డం వస్తడు. అయినా దాదీ పాట ఎత్తుకోంగానే కింద కూసున్న ముసలమ్మలు గొంతు కలిపిన్రు. ఒకామె నన్ను పిలిచి, "ఆ మాటకు అర్థం నాకు తెలుసు, రాసుకో" అన్నది. ఢావ్లోలో పోయిన మాటల్లో అట్ల ఇప్పటికి మూడు దొరికినయి. ఇంకా పన్నెండు దొరకాలె.

మీ ఊర్లో కూడా అట్లాంటి ముసలమ్మ ఒకామె ఉంటది. ఇయ్యాల పోయి రికార్డు చేయండి. చేసినంక, నిద్రపోయే ముందు, కాపీ చేయండి.